ఈ ఊరు ఆ ఊరు కాదు

పళ్ళ డాక్టరుకు నలభై ఆరో ఏట ఆకాశం మీద మనసు పుట్టిందని బంధువులంతా చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. మనసు పుట్టింది చిన్నప్పుడే. నలభై ఆరో ఏట తీరిక పుట్టింది, అంతే. తీరిక దొరికిన మొదటి ఆదివారమే ఆయన ఊరి చివర ఉన్న ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్ళి చేరిపోయాడు. ఆ క్లబ్బుకున్న ఆస్తి రెండు చిన్న విమానాలు, అందరూ బాబాయ్ అని పిలిచే ఒక మెకానిక్కు, ఒక ఇన్‌స్ట్రక్టరు. చిక్కంతా ఆ ఇన్‌స్ట్రక్టరుతోనే వచ్చింది. ఆవిడ ఆయన సొంత చెల్లెలు.

ఇంట్లో ఆమె పేరు పొట్టి. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప విమానం ముక్కు అవతల ఏముందో ఆమెకు కనిపించదు కాబట్టి పేరు పెట్టడంలో అన్యాయమేమీ జరగలేదు. కానీ విద్యార్థులంతా మేడమ్ మేడమ్ అంటూ లేచి నిలబడే చోటికి ఒక పెద్దమనిషి వచ్చి "పొట్టీ, కాఫీ ఉందా?" అని కేకేస్తే ఏ ఇన్‌స్ట్రక్టరుకు పరువు మిగులుతుంది? అందుకని మొదటి రోజే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నేల మీద పొట్టి. విమానం తలుపు మూసుకున్నాక మేడమ్.

నిజం చెప్పాలంటే అంత చురుకైన విద్యార్థి ఆమెకు అంతకుముందు తగల్లేదు. చార్టు ముందేసుకుని కూర్చుంటే ఆయనకు లోకం గుర్తుండేది కాదు. ఆ చార్టు విప్పితే భోజనాల బల్ల మొత్తం కప్పేస్తుంది. దాన్ని మళ్ళీ సరిగ్గా మడతపెట్టడం ఎవరి తరమూ కాదు. నదులూ రైలు పట్టాలూ ఊళ్ళూ అన్ని పటాల్లోలాగే ఉంటాయి, వాటి మీద ఆకాశాన్ని కూడా గీసిపెడతారు. పెద్ద విమానాశ్రయం చుట్టూ నీలం వలయాలుంటాయి. చిన్న గిన్నె మీద పెద్ద గిన్నె, దాని మీద ఇంకా పెద్ద పళ్ళెం పేర్చినట్టు ఆ గగనతలం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. దాని కింద నుంచి, పక్క నుంచి ఎవరినీ అడగకుండా పోవచ్చు. లోపలికి పోవాలంటే మాత్రం రేడియోలో అడిగి, వాళ్ళు రమ్మన్నాకే పోవాలి. పెద్ద పెద్ద జెట్లు దిగే దారి అది.

అన్నయ్య ఇవన్నీ వారం తిరక్కుండా మింగేశాడు. టోపీలా గీసిన గుర్తు పక్కన అంకె ఉంటే అది టవరు ఎత్తు. "అంతకంటే పైన ఎగరకపోతే ఇంటికి కబురెళ్తుంది" అని తనే తోటి విద్యార్థులకు పాఠం చెప్పేవాడు. సైన్యం కాల్పులు జరిపే చోట్ల హద్దు వెంట వరసగా పొట్టి గీతలుంటాయి. "ఇవి కింది దవడ పళ్ళు. దూరితే కొరుకుతాయి" అనేవాడు. మబ్బుకు ఎంత దూరంలో ఉండాలి, ఎంత మేర కనిపిస్తే ఎగరొచ్చు, ఎదురొచ్చే విమానానికి ఎటు తప్పుకోవాలి, ఏది అడిగినా ప్రశ్న పూర్తికాకముందే జవాబొచ్చేది.

అదే ఆమెను భయపెట్టింది. అన్నయ్య నోట తెలీదు అన్న మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. కొత్త ఊళ్ళో కారు నడుపుతూ దారి తప్పితే, తప్పింది తను కాదు, రోడ్డు అంటాడు. వదిన అయితే బాహాటంగానే అనేది. "వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కనిపెట్టలేరు గానీ, ఆకాశంలోంచి ఊళ్ళు కనిపెడతారట మీ అన్నయ్య!"

అన్ని పాఠాలూ అయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. క్లబ్బు నుంచి బయలుదేరి గాజు ఫ్యాక్టరీ ఉన్న ఊరు మీదుగా పంచదార మిల్లు ఉన్న ఊరికి వెళ్ళి, అక్కడ ఎడమకు తిరిగి క్లబ్బుకు రావాలి. దారి చూపే యంత్రాలేవీ వాడకూడదు. చార్టు, గడియారం, దిక్సూచి, రెండు కళ్ళు. ఒక్కడే వెళ్ళాలి. అలా వెళ్ళొస్తేనే లైసెన్సు. ఒక్కడినీ పంపొచ్చని సంతకం పెట్టాల్సింది ఇన్‌స్ట్రక్టరు. అంటే పొట్టి.

అన్నయ్యకు ఆ సంతకం ఎంత కావాలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆయన కుర్రతనంలో పైలట్ అవుతానంటే నాన్న సాగనివ్వలేదు. నోరెత్తకుండా పళ్ళ డాక్టరీ చదివాడు. చాలా ఏళ్ళకు ఇదే మాట పొట్టి అంటే, నాన్న మళ్ళీ ఒంటికాలి మీద లేచాడు. అప్పుడు మాత్రం అన్నయ్య ఊరుకోలేదు. "నన్నాపారు, సరే. దీన్నాపితే నేనీ ఇంట్లో ఉండను" అని పెట్టె సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నాన్న దిగివచ్చేదాకా లేవలేదు. ఆమెకు ఆకాశం ఇచ్చినవాడు ఆయన. అలాంటి అన్నయ్యకు సంతకం పెట్టనని ఎలా అంటుంది? పెట్టాక ఆయన తిరిగి రాకపోతే వదిన మొహం ఎలా చూస్తుంది?

ముందు ఇద్దరూ కలిసి ఒకసారి ఆ దారిలో వెళ్ళారు. అన్నయ్య నడుపుతున్నాడు, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడమ నుంచి గాలి వాతావరణ సూచనలో చెప్పినదానికంటే గట్టిగా కొడుతోంది, విమానం కొద్దికొద్దిగా కుడికి జరిగిపోతోంది. ఆమె చూసింది, చెప్పలేదు. చెబితే ఆ పూటకు దారిలో పడతాడు, పాఠం మాత్రం రాదు. హద్దు దాటనివ్వకుండా చూసుకోవడం తన పని, అప్పటిదాకా తప్పు చెయ్యనివ్వడం కూడా తన పనే.

"అదిగో గాజు ఫ్యాక్టరీ ఊరు, మేడమ్" అన్నాడు అన్నయ్య, పండగ చేసుకుంటున్నంత సంబరంగా. "నది ఉంది. రైలు వంతెన ఉంది. పొగగొట్టాలున్నాయి. అనుకున్న వేళకు అరనిమిషం తేడా లేదు!"

"ఊరు నదికి ఏ పక్కనుంది, డాక్టరుగారూ?"

"తూర్పున."

"చార్టులో?"

ఆయన చార్టు చూశాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ చార్టు చూశాడు. "పడమరన ఉంది. చార్టు పాతదై ఉంటుంది మేడమ్. ఈలోగా నది పక్కకు జరిగినట్టుంది."

నది జరగడమా! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన మాత్రం నిబ్బరంగా, గాజు ఫ్యాక్టరీ ఊరి మీద తిరగాల్సినట్టే కాస్త కుడికి తిరిగాడు. కుడివైపు ఉన్నది నీలం వలయం. ఇంకొంచెం పోతే జెట్లు దిగే దారి. ఆయన ఈల కూడా వేస్తున్నాడు. హద్దు దగ్గరపడేదాకా ఓపిక పట్టి, ఇక లాభం లేదని ఆమె చెయ్యి చాచి విమానాన్ని తన చేతిలోకి తీసుకుంది.

"కంట్రోల్ నాది."

"ఎందుకూ?"

"కంట్రోల్ నాది!"

"కంట్రోల్ మీదే" అన్నాడాయన మూతి ముడుచుకుని.

దిగాక విమానం తలుపు తెరవడం ఆలస్యం, మేడమ్ కాస్తా పొట్టి అయిపోయింది. "ఒక్క ఊరు అటూ ఇటూ అయినందుకు సంతకం పెట్టవా? అన్నీ సరిపోయాయి గదా, ఒక్క నది తప్ప?"

"ఊరు తప్పడం తప్పు కాదన్నయ్యా. గాలికి ఎవరైనా తప్పుతారు. నువ్వు నదినే జరిపేశావు."

"అంటే పెట్టవు."

"పెట్టను."

ఇక చూడాలి తమాషా. మర్నాడు ఉదయం అమ్మ ఫోను. "తోడబుట్టినవాడికి ఒక్క సంతకం గీకితే నీ చెయ్యి అరిగిపోతుందా?" అమ్మ పెట్టేసిన వెంటనే వదిన ఫోను. "పెట్టొద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది. మనిషి నేల మీద ఉంటే చాలు నాకు." నాలుగు రోజులు పోయాక మళ్ళీ వదినే. "పెట్టెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఇంట్లో భరించలేకపోతున్నాను. అన్నం దగ్గర కూడా నది, రైలు వంతెన అంటున్నారు. పప్పు గిన్నె నాకూ ఆయనకూ మధ్య పెట్టి, ఇది ఊరు అంటారు!"

అన్నయ్య మాత్రం ఫోను చెయ్యలేదు. క్లబ్బుకు రాలేదు. ఆదివారాలు రెండు వెళ్ళిపోయాయి. ఉండబట్టలేక పొట్టే పన్ను నొప్పి పెట్టుకుని క్లినిక్కుకు వెళ్ళింది. నొప్పి అబద్ధం కాదు గానీ, అంత తొందరపడాల్సిన నొప్పి కూడా కాదు.

ఆయన కుర్చీ చూపించాడు. ఆమె పడుకుంది. నోట్లో రెండు దూది ఉండలు కుక్కి, అద్దం పెట్టి, లైటు దగ్గరకు లాగి, అప్పుడు మొదలుపెట్టాడు. మనిషి నోరు తెరిచి ఉండి జవాబు చెప్పలేని చోటు లోకంలో అదొక్కటే, ఆ సంగతి పళ్ళ డాక్టర్లకు బాగా తెలుసు.

"ఊళ్ళు చూసీ చూసీ అనుభవం ఉన్నదానివి కాబట్టి నీకు కనిపిస్తుంది. నాకెలా కనిపిస్తుంది? నేను చూసినప్పుడు అది నూటికి నూరుపాళ్ళూ ఆ ఊరే. కళ్ళారా చూసినదాన్ని కాదనుకోమంటే ఎలా? చెప్పు!"

"ఆ... ఆ..." అంది పొట్టి.

"మాట్లాడవేం? ఏ పన్ను నొప్పి?"

ఆమె వేలితో పైవరసలో ఒక పన్ను చూపించింది. ఆయన ఆ పన్ను చూడనే లేదు. చిన్న ఉక్కు పుల్ల తీసుకుని దాని పక్కనున్న పన్ను మీద తట్టాడు, దాని అవతలి పన్ను మీద తట్టాడు, కింది వరసలో తట్టాడు. కింద తట్టినప్పుడు ఆమె కుర్చీలోంచి ఎగిరిపడింది.

"అదీ సంగతి. నొప్పి కింద ఉంది. నీకు పైన ఉన్నట్టు అనిపిస్తోంది, అంతే."

పొట్టి దూది ఉండలు తీసి పళ్ళెంలో పడేసింది. "నేను ఇదే పన్ను అని వేలు పెట్టి చూపించాను. నువ్వెందుకు నమ్మలేదు?"

"నమ్మడమేమిటి? ముందు అది కాదేమోనని చూడాలి. కాదని తేలినవి పోగా మిగిలింది ఏదో, అదే. ఎవడైనా చూపించిన పన్నల్లా పీకేస్తాడా?"

"మరి ఊరినైతే పీకేశావు గదన్నయ్యా?"

అన్నయ్య చేతిలో ఉక్కు పుల్ల అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత లైటు ఆర్పేసి, "ముందు దీని సంగతి చూద్దాం, నోరు తెరు" అన్నాడు. లైటు ఆర్పేస్తే ఏం చూస్తాడని అడగబోయి, ఆమె బుద్ధిగా నోరు మూసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఠంచనుగా క్లబ్బులో ఉన్నాడు. చార్టు బల్ల మీద పరిచి, దారిలోని ప్రతి ఊరి పక్కనా పెన్సిలుతో ఏదో రాస్తున్నాడు. పొట్టి తొంగిచూసింది. ఏ ఊరి దగ్గర ఏం కనిపించాలో అందరు విద్యార్థులూ రాసుకుంటారు. ఈయన రాసింది వేరు. ఏం కనిపించకపోతే అది ఆ ఊరు కాదో రాస్తున్నాడు. గాజు ఫ్యాక్టరీ ఊరి పక్కన, "నది తూర్పున లేకపోతే కాదు." పంచదార మిల్లు ఊరి పక్కన, "పట్టాలు రెండుగా చీలకపోతే కాదు." పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఆమెకు ఈ ఉపాయం తట్టనే లేదు. ఆ రోజు నుంచి తక్కిన విద్యార్థులందరిచేతా అలాగే రాయించింది.

ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. ముందు గడియారం చూసి, ఈ నిమిషానికి చార్టు మీద ఎక్కడుండాలో వేలు పెట్టి, ఆ తర్వాతే కిటికీలోంచి చూశాడు అన్నయ్య. ఒక ఊరు వచ్చింది, అచ్చం గాజు ఫ్యాక్టరీ ఊరిలాగే. ఆయన మెడ సాచి చూసి, "ఇది కాదు మేడమ్" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. తిరిగొచ్చాక సంతకం పెట్టింది. పెట్టేముందు పెన్ను రాయడం లేదని రెండుసార్లు తిట్టింది, పెన్ను బాగానే రాస్తోంది.

ఒక్కడే బయలుదేరిన రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఆమె వాతావరణం రెండుసార్లు చూసింది, ఇంధనం తనే కొలిచింది, బాబాయ్ విసుక్కునేదాకా చక్రాల చుట్టూ తిరిగింది. విమానం లేచి చుక్కంతైపోయాక లోపలికొచ్చి రేడియో ముందు కూర్చుంది. ఆ రేడియోలో అందరూ మాట్లాడేది వినిపిస్తుంది, ఇక్కణ్ణుంచి మాట్లాడ్డానికి మాత్రం ఉండదు.

గాజు ఫ్యాక్టరీ ఊరు దాటానని పెద్ద విమానాశ్రయం కంట్రోలుకు అన్నయ్య పంపిన కబురు అనుకున్న వేళకే వినిపించింది. గొంతు హుషారుగా ఉంది. ఆ తర్వాతే ఎక్కడి నుంచో పొగమంచులాంటి మసక కమ్ముకుంటూ వచ్చింది. వానా కాదు, మబ్బూ కాదు, ఎదుటి చెట్టు కనిపిస్తూనే దూరపు చెట్టు చెరిగిపోయే రకం. ఏ సూచనలోనూ లేదు. గాలి కూడా దిశ మార్చింది. పంచదార మిల్లు ఊరు చేరానన్న కబురు రావాల్సిన వేళ వచ్చింది, దాటింది. కబురు లేదు.

"వస్తుందిలే" అన్నాడు బాబాయ్.

రేడియోలో టక్కుమని చప్పుడైంది. ఎవరో మాట్లాడ్డానికి బటన్ నొక్కారు. వెనక ఇంజను హోరు వినిపిస్తోంది. మాట లేదు. బటన్ వదిలేశారు.

పొట్టి లేచి నిలబడింది. ఆ ఇంజను హోరు ఎవరిదో ఆమెను అడగక్కర్లేదు.

మళ్ళీ టక్కుమంది. మళ్ళీ హోరు. ఎవరో ఊపిరి పీల్చారు. మాట లేదు. మళ్ళీ వదిలేశారు.

"చెప్పన్నయ్యా" అంది ఆమె ఆ డబ్బాతో. "చెప్పు. ఎవరేమనుకుంటే ఏం, చెప్పెయ్యి." కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని ఊపేస్తోంది. గదిలో ఉన్న విద్యార్థులిద్దరూ మాటలాపేశారు.

మూడోసారి టక్కుమంది. "కంట్రోల్..." అన్నాడు అన్నయ్య. "నేను విద్యార్థి పైలట్‌ని. ఒక్కడినే ఉన్నాను. నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదు. సాయం కావాలి."

విద్యార్థుల్లో ఒకడు కిసుక్కున నవ్వబోయి, మేడమ్ మొహం చూసి ఆగిపోయాడు. ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "విన్నావా బాబాయ్? తెలియడం లేదన్నాడు! మా అన్నయ్య తెలియడం లేదన్నాడు!" అంది, మనవాడు పరీక్షలో మొదటివాడుగా వచ్చాడన్నంత గర్వంగా.

పెద్ద విమానాశ్రయం కంట్రోలరు గొంతు తాపీగా వినిపించింది. పర్వాలేదండీ అన్నాడు. ఎత్తు తగ్గకండి అన్నాడు. ఒక అంకె చెప్పి, రాడారులో విమానాన్ని గుర్తుపట్టించే యంత్రంలో పెట్టమన్నాడు. కాసేపటికి, "మీరు కనిపించారు. ఇలా కుడికి తిరగండి, నేను చెప్పిన దిక్కుకు రండి" అన్నాడు. ఆ మాట వినగానే పొట్టి కుర్చీలో కూర్చుంది.

క్లబ్బు మీదికి వచ్చేసరికి మసక కాస్త పలచబడింది. అన్నయ్య విమానాన్ని రెండుసార్లు గెంతించి దించాడు. ఇంజను ఆపాక కూడా తలుపు తెరుచుకోలేదు. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్ళి తలుపు లాగింది. ఆయన చార్టు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది.

"ఒక ఊరు కనిపించింది పొట్టీ" అన్నాడు తలెత్తకుండా. "మిల్లు ఉంది. పొగగొట్టం ఉంది. రైలు పట్టాలున్నాయి. అమ్మతోడు, అదే అనిపించింది. ఎడమకు తిరగబోయాను."

"మరి?"

"పట్టాలు చీలలేదు. ఎంతసేపు చూసినా ఒక్కటే గీతలా పోతున్నాయి." ఆయన వేలు చార్టు మీద ఆ ఊరి దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి ఎడమకు తిరిగితే ఏముందో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. గోధుమరంగు కొండలు. వాటి పక్కన ఎత్తులు చెప్పే అంకెలు. ఆ పూట ఆ కొండల నెత్తిన మసకే తప్ప ఇంకేమీ కనిపించి ఉండదు.

"మాట రాలేదు పొట్టీ. రెండుసార్లు బటన్ నొక్కి వదిలేశాను."

"తెలుసు. విన్నాను."

"విన్నావా?" ఆయన మొహం చిన్నదైపోయింది. "అందరూ విన్నారా?"

"అందరూ విన్నారు" అంది ఆమె. అని, ఆయన వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, ఆ వీపు మీదే మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నయ్య ఏం చెయ్యాలో తెలియక చార్టును మడతపెట్టబోయాడు. అది కుదరలేదు.

చివరికి ఆమే కళ్ళు తుడుచుకుని లేచింది. "దిగి మంచినీళ్ళు తాగు. వదినకు నేను ఫోను చేస్తాను. వచ్చే ఆదివారం ఆకాశం బాగుంటే మళ్ళీ ఇదే దారి, ఒక్కడివే."

"ఒక్కడినేనా? ఇంత జరిగాక కూడా పంపుతావా?"

"ఇవాళే కదా నమ్మకం కుదిరింది. పొద్దున పంపినప్పుడు లేదు."

ఆయన తలూపి, మడత కుదరని చార్టును చంకలో పెట్టుకుని మెల్లగా కిందికి దిగాడు.